తాళంచెవి ఎవరి దగ్గర?

అమెరికాలోని టెక్సస్‌కు చెందిన లాడార్ లెవిసన్ దాదాపు పదేళ్లు నడిపిన లావాబిట్ ఈమెయిల్ సర్వీసును 2013 ఆగస్టు 8న ఉన్నట్టుండి మూసేశారు. నష్టాలొచ్చి కాదు. అందులో నాలుగు లక్షల మందికి ఖాతాలున్నాయి. వారిలో ఒకరు, అమెరికా నిఘా గుట్టు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్. ఆ ఒక్క ఖాతా కోసం ప్రభుత్వం అడిగింది మాత్రం మొత్తం సర్వీసు తాళంచెవి! లెవిసన్ ఆ రహస్య సంకేతాన్ని చీమ తలకాయలంత అక్షరాలతో 11 పేజీల్లో అచ్చువేసి ఇచ్చారు. ఇది చదవడానికి వీల్లేదంది ప్రభుత్వం. సరిగ్గా ఇచ్చేదాకా రోజుకు 5,000 డాలర్ల జరిమానా అంది కోర్టు. చివరికి తాళంచెవి ఇచ్చారు, సర్వీసుకు మాత్రం తెరదించేశారు.

లెవిసన్ నిజాయతీని శంకించే పనిలేదు. కానీ అందరి ఉత్తరాలనూ కాపాడే తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఉన్నదాన్ని ఎవరైనా అడుగుతారు. లేనిదాన్ని అడిగితే మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చిస్తారు?

స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో కలిసిన కొందరు యువ శాస్త్రవేత్తలు 2014 మేలో జనం ముందుకు తెచ్చిన ప్రోటాన్ మెయిల్ పట్టుకున్న దారి ఇదే. అందులో దాచిన ఉత్తరాలు ఖాతాదారు పాస్‌వర్డుతోనే తెరుచుకుంటాయి. ఆ పాస్‌వర్డు సంస్థకు తెలియదు. జర్మనీలోని హానోవర్ నుంచి నడిచే టుటా అయితే ఉత్తరంతోపాటు సబ్జెక్టు లైనుకూ తాళం వేస్తుంది. ‘మీ ఉత్తరాలు మేం చదవం’ అని ఏ కంపెనీ అయినా అంటుంది. ఈ రెండు సంస్థలూ తమ యాప్‌ల ప్రోగ్రాములను ఓపెన్ సోర్స్‌గా అందరి ముందూ పెట్టాయి. తెలిసినవాళ్లు ఎవరైనా పరీక్షించుకోవచ్చు. వంటగది తలుపు తెరిచిపెట్టిన హోటల్ లాంటిదన్నమాట.

అలాగని ఇది వజ్రకవచమేమీ కాదు. స్విస్ అధికారుల ఆదేశంతో ప్రోటాన్ ఒక ఫ్రెంచి పర్యావరణ కార్యకర్త ఐపీ అడ్రసును ఇవ్వాల్సి వచ్చిందని 2021లో బయటపడింది. అంటే కవరు మీది గుర్తులు దొరకొచ్చు, లోపలి మాట దొరకదు. పైగా అవతలివాళ్లది మామూలు మెయిల్ అయితే వాళ్ల దగ్గరుండే ప్రతికి ఈ కాపలా ఉండదు.

ఇంకో చిక్కూ ఉంది. పాస్‌వర్డూ, రికవరీ కోడూ రెండూ పోతే పాత ఉత్తరాలను సంస్థ కూడా తెరవలేదు. అందుకే ఇలాంటి మెయిల్‌కు మారాలనుకునేవాళ్లు ముందు చేయాల్సిన పని, ఆ కోడును కాగితం మీద రాసి బీరువాలో ఇంటి పత్రాల పక్కన దాచడం. తాళంచెవి సొంతమైతే, దాన్ని పోగొట్టుకోకుండా చూసుకునే పూచీ కూడా సొంతమే!