మా ఊరి గడియారం

అండమాన్‌లోని రాధానగర్ తీరంలో సాయంత్రం ఐదింటికే మసక కమ్ముతోంది. డిసెంబరు నెల. మా ఆవిడ నా చేయి పట్టుకుని వాచీ చూసింది. "ఆగిపోలేదు కదండీ?" అంది.

ఆగలేదు. దేశమంతటికీ వేళ చెప్పే 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ పక్కనుంచే పోతుంది. అండమాన్ అక్కడికి దాదాపు పది డిగ్రీలు తూర్పున. ఇక్కడి సూర్యుడు మా సూర్యుడికంటే 40 నిమిషాలు ముందే నడుస్తాడు. అయినా లెక్క మా ఊరిదే. ఇంత సముద్రం దాటొచ్చినా మణికట్టు మీద కాకినాడే కొట్టుకుంటోంది.

మొన్న పడవలో రాస్ దీవికి వెళ్లాం. తెల్లదొరల మేడలు కూలిపోయాయి. మిగిలిన గోడల్ని చెట్ల వేళ్లు అల్లుకుని ఉన్నాయి. ఆవిడ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. "వేరు గోడని పట్టుకుందా, గోడే వేరుని ఆనుకుందా?" అంది. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత ఆ ప్రశ్నకు నేనేం చెప్పగలను? దగ్గరగా జరిగి నిలబడ్డాను.

మాది తూర్పు తీరం. సముద్రంలోంచి పొద్దు లేవడమే చూశాం. అది నీళ్లలోకి దిగడం చూడటం ఇద్దరికీ ఇదే మొదటిసారి. ఎర్రటి అంచు కరిగిపోతుంటే ఆవిడ మాట్లాడలేదు.

వాచీ విప్పి చెప్పులో పెట్టాను. ఇసక ఇంకా గోరువెచ్చగానే ఉంది.