అక్షరాన్వేషణము

నేను సంస్కృతమును చెవితో నేర్చుకొంటిని. గురువుగారు పాదము చెప్పెడివారు. మేము రెండుమారులు అనెడివారము. తప్పు దొరలినచో ముందుగా చెవియే పట్టుకొనెడిది. ఆ చెవినే నమ్ముకొని ఆంగ్లమునుగూడ ఇన్నియేండ్లుగా బోధించుచు వచ్చితిని. ఆ నమ్మకము వలన ఒక బాలికకు ఎంత అన్యాయము జరిగినదో గడచిన ఫాల్గుణమాసమున గాని నాకు తెలియలేదు.

మాది బాపులపాడు, నూజివీటి రసాలకు, బంగినపల్లికి పేరుపడిన నేల. పిందెలు పడు దినములలో ఒకనాడు పాఠము ముగిసి కొంత కాలము మిగిలెను. నల్లబల్లమీద ‘మ్యాంగో’ అను మాటను ఆంగ్లలిపిలో వ్రాసి తొమ్మిదవ తరగతి పిల్లలతో నిట్లంటిని: “ఎం, ఏ, ఎన్, జి, ఓ - ఈ అయిదును గల పెద్దమాటలు వెదకుడు. వరుస మారవచ్చును, నడుమ వేరక్షరములు చేరవచ్చును. అయిదింటిలో ఒక్కటియు తప్పరాదు.”

ఇది పనిలేని వినోదమని చదువరులు తలపవలదు. మన అవధానములలో న్యస్తాక్షరి కలదు. ఏ పాదమున ఎన్నవచోట ఏ యక్షరముండవలెనో పృచ్ఛకుడు చెప్పును. అవధాని దానిని అచ్చటనే నిలిపి పద్యము నడపవలెను. తిరుపతి వేంకటకవులు ఈ విద్యను ఊరూరికిని కొనిపోయిరి. వారిలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు మా బందరులో ఉపాధ్యాయులుగా నుండినవారే. అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ అను వాస్తుశిల్పి ఆర్థికమాంద్యపు దినములలో పని లేక, పత్రికలలో ఏ యక్షరము ఎన్నిమారులు వచ్చునో లెక్కించి, 1938 లో అక్షరపు బిళ్ళల ఆట నొకదానిని కూర్చెను. 1948 లో అది స్క్రాబుల్ అను పేరు పొందినది. అందలి నూరు బిళ్ళలలో ‘ఈ’ పండ్రెండు, ‘క్యూ’ ఒక్కటియే.

అయితే రెండు విద్యలకును ఒక భేదము కలదు. మన అక్షరము ధ్వనికి రూపము. ఆంగ్లాక్షరము వట్టి గుర్తు. ‘మ్యాంగో’ మనకు రెండక్షరములు, వారికి అయిదు. ‘అమంగ్’ అను మాటలో ఆ అయిదే చోటు మార్చుకొని కూర్చున్నవి. ఈ సంగతి చెవి యెట్లు కనిపెట్టును?

పట్టణపు బడులలో కొన్నాళ్లు చదివి వచ్చిన పిల్లలు ‘అమంగ్’ను త్వరగానే చెప్పిరి. నేనొక ఉపాయము చూపితిని. ‘ఐ, ఎన్, జి’ అనునవి ఆంగ్లమున మాట చివర కలిసివచ్చుట మెండు. వానికి ముందు తక్కిన ఎం, ఏ, ఓ లను ఇముడ్చుడంటిని. ‘రోమింగ్’, ‘మోనింగ్’ వచ్చినవి. పులికాట్ సరస్సుకు చలికాలమున వచ్చు పక్షిని తలచుకొని యొకడు ‘ఫ్లెమింగో’ అనెను. అంతటితో తరగతి ఆగిపోయినది.

అప్పుడు కడపటి బల్లనుండి ఒక బాలిక లేచి, “ఆర్గనిజం అండి” అనెను. తోట కావలివారి బిడ్డ. చదువుమన్నప్పుడు నాలుక తడబడునని ఆమెను అచ్చట కూర్చుండబెట్టినవాడను నేనే. తల యెత్తకయే, “అందులో మ్యాంగో యెక్కడ వినబడుచున్నది?” అంటిని. తరగతి నవ్వినది.

ఆమె కూర్చుండలేదు. బల్లకడకు వచ్చి ఆ మాట వ్రాసి, ఓ, జి, ఏ, ఎన్, ఎం - ఈ అయిదింటి క్రిందను గీతలు గీసెను. ఎనిమిది అక్షరములలో ఆర్, ఐ, ఎస్ మాత్రమే మిగిలినవి. అర్థమడిగితిని. “ప్రాణమున్నది ఏదైనా అండి. మామిడిచెట్టు కూడా.” ఎట్లు దొరికినదంటిని. “మీరు ఎన్, జి కలిపి వెతకమన్నారు. నేను విడగొట్టి చూశానండి.”

ఆమె చూపిన త్రోవను పోగా ‘మోనోగ్రాం’, ‘మహాగని’, ‘ఆగ్రానమీ’ దొరకినవి. తప్పు నాదేనని తరగతిలో చెప్పితిని. కాని అసలు తప్పు అంతకంటె పెద్దది. అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట ఆ బాలిక తల్లితో, “ఈ పిల్లకు ఆంగ్లము రాదమ్మా” అని చెప్పియుంటిని. ఆ మాటను పట్టుకొని ఆమె బిడ్డకు ఈ యేటితో చదువు చాలింప నిశ్చయించెనట. ఆ సాయంకాలమే తోటకు పోతిని.

తల్లి నా మాటలన్నియు వినినది. “సంక్రాంతికి ముందు రాదన్నారు. ఇప్పుడు వచ్చంటున్నారు. ఏది నమ్మాలి మేష్టారూ?” అనెను.

“మొదటిది నేను చెవితో విని చెప్పినది. రెండవది నీ బిడ్డ వ్రాసి చూపినది. రెండవదే నమ్మమ్మా” అంటిని. ఆమె వెంటనే బదులు చెప్పలేదు. జూను నెలలో బడి తెరచిన నాడు బాలిక పదవ తరగతికి వచ్చినది.

మన యిండ్లలో చుట్టము రాగానే బిడ్డచేత నాలుగు ఆంగ్లపు ముక్కలు పలికించి మురియుదుము. ఆ పలుకుబడి చాలవరకు ఇంటినుండి వచ్చునది. తల్లిదండ్రులు పలికినచో బిడ్డయు పలుకును. ఆ భాగ్యము లేని బిడ్డను మందమతి యనుట ఆమె పేదరికమునకు మార్కులు వేయుటయే. నల్లబల్లమీది అక్షరములైతే ముందు బల్లకును వెనుక బల్లకును ఒక్క తీరుగనే కనబడును.

అక్షరములు కూడినంతనే విద్య కాదు. మరునాడొకడు నిఘంటువునుండి పొడవైన మాటను తెచ్చి, అర్థమడుగగా తెల్లబోయెను. దానిని నేను లెక్కపెట్టలేదు. మాట దొరకవలెను, దాని అర్థమును తెలియవలెను. ఆ బాలికకు రెండును తెలిసియుండెను. వినుటకు నాకే తొమ్మిది నెలలు పట్టినది.