దెయ్యాల మేష్టారు

మా మండలంలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లకంటే దెయ్యాల మేష్టారు అనేవాళ్లే ఎక్కువ. సంతకు వెళ్తే పది పాసైన కుర్రాళ్లు "కొత్తది ఎప్పుడు మేష్టారూ?" అని అడుగుతారు. కొత్తది అంటే కొత్త దెయ్యం కథల పుస్తకం. ఇప్పటికి నాలుగు వేశాను. నాలుగూ నా జీతం డబ్బులతో వేసినవే. "రాయడం సరే, ఆ దెయ్యం కథలే ఎందుకు?" అని మన రచయిత మిత్రులు చాలాసార్లు అడిగారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి ఉపాధ్యాయులూ, ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

నేను సవరవాడిని. సీతంపేట కొండల్లో ఒక గూడలో పుట్టాను. ఆశ్రమ పాఠశాలలో చదివాను. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చేసి, మళ్లీ ఆశ్రమ పాఠశాలకే మేష్టారుగా వచ్చాను. రాత్రి పిల్లల చదువు గంట అయిపోయి, వాళ్లు పడుకున్నాక రాస్తాను. ఒక పుస్తకం పూర్తి కావడానికి రెండేళ్లు పడుతుంది. 64 పేజీలు, 500 కాపీలు. పాలకొండలో అచ్చు వేయిస్తాను. వెల 30 రూపాయలు. సగం అమ్ముడుపోతాయి, సగం పంచేస్తాను. లాభం లేదు. మా ఇంటావిడ ఈ ఖర్చును పండగ ఖర్చు పద్దులో రాస్తుంది.

మొదటి కారణం తరగతి గదిలో దొరికింది. మన పిల్లలకు తెలుగు ఇంటి భాష కాదు. పాఠం చదవమంటే ఇంకా ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టుకుంటారు. ఒకసారి నాలుగో తరగతిలో ఒక కథ సగం చెప్పి, మిగతాది రెండు కాగితాల మీద రాసి గోడకు అంటించాను. గెడ్డ ఒడ్డున రాత్రిపూట ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తుంది, వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. అక్కడ ఆపాను. ఒత్తులు చదవలేని ఒక పిల్లాడు ఇంటర్వెల్లో కూడా బయటికి పోకుండా, వేలు పెట్టుకుని ఆ రెండు కాగితాలూ చదివాడు. ఆ చప్పుడు ఎవరిదో తెలుసుకోకుండా వాడు ఉండలేకపోయాడు. భయం కన్నా ఆ 'తర్వాత ఏమైంది' అనేదే వాడిచేత చదివించింది. మొదటి పుస్తకానికి అదే విత్తనం.

రెండో కారణం ఇంకా లోతైనది. నా చిన్నతనంలో చనిపోయినవాళ్లంటే మాకు భయం లేదు. వాళ్లను సొనుం అంటాం. సొనుంలతో మాట్లాడించే ఆవిడను కుడన్‌బోయ్ అంటాం. ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. చనిపోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆవిడ గొంతులోకి వస్తారు. చుట్టూ కూర్చున్న బంధువులు వాళ్లతో మాట్లాడతారు, తిడతారు, ఏడుస్తారు, కల్లు పోస్తారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తమ్ముడు వానాకాలం గెడ్డలో కొట్టుకుపోయాడు. కొన్నాళ్లకు కుడన్‌బోయ్ గొంతులో వాడు వచ్చాడు. "చలేస్తోంది, నా దుప్పటి ఎవరు కప్పుకుంటున్నారు?" అని అడిగాడు. దుప్పటి నా దగ్గరే ఉంది. నేను చెప్పాను. "నువ్వయితే కప్పుకో" అన్నాడు. మా అమ్మ కోపంగా "వద్దన్నా గెడ్డలోకి ఎందుకు దిగావు రా?" అంది. "పీత కనపడిందమ్మా" అన్నాడు. మా అమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తర్వాత మా అక్కకు కొడుకు పుడితే వాడి పేరే పెట్టుకున్నాం.

ఇది మా ఒక్క గూడ సంగతి కాదు. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లండు పరిశోధకుడు 1970లలో ఒడిశా వైపు సవర గూడల్లో ఉండి, మన భాష నేర్చుకుని, ఈ మాటలన్నీ విన్నాడు. 1993లో ఆయన వేసిన పుస్తకం పేరుకు తెలుగులో 'చనిపోయినవారితో సంభాషణలు' అని అర్థం. చనిపోయినవాడు తాను ఏ జబ్బుతో పోయాడో, ప్రేమకొద్దీ బతికున్నవాడికి అదే జబ్బు తెస్తాడని మన పెద్దల నమ్మకం. ఒక్కసారి ఆలోచించండి. పగతో వచ్చే దెయ్యం కన్నా మమకారంతో వచ్చే సొనుం ఎంత భయంకరం! దాన్ని కొట్టి తరమలేం. కూర్చోబెట్టి మాట్లాడాలి, ఏళ్ల తరబడి మాట్లాడాలి. నా కథలన్నిటికీ ముడిసరుకు ఇదే.

ఇప్పుడు కుడన్‌బోయ్‌లు తగ్గిపోయారు. కొన్ని గూడలు ప్రార్థన మందిరాలకు, కొన్ని భజన మందిరాలకు మళ్లాయి. ఎవరి దారి వాళ్లది, నేను తప్పు పట్టను. కానీ మా హాస్టలు పిల్లలు ఫోన్లో దెయ్యం సినిమాలు చూసి, చచ్చిపోయిన సొంత మామ్మను తలుచుకుని దుప్పట్లో వణకడం చూశాను. మామ్మ అంటే తెల్లచీర, విరబోసిన జుట్టు, పళ్ల మధ్య నెత్తురు అయిపోయింది. మామ్మకు పిల్లలంటే ఎంత ఇష్టమో ఆ సినిమా తీసినవాళ్లకు తెలియదు.

ఆ సినిమాల్లోనూ నవలల్లోనూ ఇంకో అలవాటు ఉంది. పట్నంలో మంచి కుటుంబానికి కష్టం వస్తుంది. చేతబడి చేసినవాడు అడవి నుంచే వస్తాడు. వాడి మెడలో ఎముకల దండ ఉంటుంది, వాడికి మన రంగే ఉంటుంది. ఇది తెలుగులోనే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో లవ్‌క్రాఫ్ట్ అనే పెద్ద హారర్ రచయిత ఉండేవాడు. 1915 నుంచి 1923 దాకా సొంతంగా ఒక చిన్న పత్రిక వేసుకున్నాడు. 1937లో పేదరికంలో పోయాడు. సొంత అచ్చు కష్టం తెలిసినవాడిగా ఆయన మీద నాకు జాలి. కానీ ఆయన కథల్లో రాక్షస దేవుళ్లను కొలిచేది ఎక్కువగా నల్లరంగువాళ్లు, కలగలిసిన జాతులవాళ్లు. ఆయనకు దెయ్యాలకన్నా మనలాంటి మనుషులంటేనే ఎక్కువ భయం. అలాంటి కథలు చదివాక నాకు ఒక ప్రశ్న వచ్చింది. ఆ చీకట్లో నిలబెట్టిన మనిషే కథ చెప్తే ఎలా ఉంటుంది?

మూడో కారణం చిల్లంగి. దీని గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. ఇక్కడ గట్టిగానే చెప్తాను. పిల్లాడికి జ్వరం తగ్గదు. ఆసుపత్రి దూరం, దారి బాగోదు. పక్కింటి ఒంటరి ఆడమనిషి మీద వేలు చూపిస్తారు. పళ్లు లేకపోతే మంత్రం పలకదని పళ్లు రాలగొట్టిన సంఘటనలు మన తెలుగు జిల్లాల్లో జరిగాయి. ప్రాణాలు తీసిన సంఘటనలూ జరిగాయి. జార్ఖండ్‌లో 2001లో, ఛత్తీస్‌గఢ్‌లో 2005లో, మన కొండ అవతల ఒడిశాలో 2013లో దీని మీద ప్రత్యేక చట్టాలు చేశారు. చట్టం చేశారంటే ఆ అవసరం ఎంతగా వచ్చిందో అర్థం చేసుకోండి.

మా పక్క గూడలో ఒక పెద్దావిడ ఆ మాట పడి, ఇల్లు వదిలి కూతురి ఊరికి పోయింది. ఆవిడ ఇంటి ముందు జీడిమామిడి తోట పాడుపడింది. నా రెండో పుస్తకంలో పెద్ద కథ అదే, పేర్లూ ఊరూ మార్చి రాశాను. అందులో దెయ్యమేమీ రాదు. ఒక రాత్రి ఊరి మగవాళ్లు కాగడాలు పట్టుకుని ఒక ఇంటి వైపు నడుస్తారు. కథ ఆ ఇంటి లోపలినుంచి, తలుపు సందులోంచి చూస్తూ సాగుతుంది. చదివిన ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చి, "మేష్టారూ, ఆ కాగడాల్లో మా నాన్న ఉన్నట్టు అనిపించింది" అన్నాడు. నేనేమీ అనలేదు. వాడు చాలాసేపు కూర్చుని వెళ్లాడు. ఉపన్యాసం ఇచ్చి ఉంటే వాడు వినేవాడు, ఇంటికి పోయి మరిచిపోయేవాడు.

ఇలాంటి దారిలో నడిచిన మనవాళ్లు ఉన్నారు. సంతాల్ రచయిత, డాక్టరు హాంస్దా సౌవేంద్ర శేఖర్ 2014లో వేసిన నవలలో ఒక కోడలికి వచ్చిన అంతుచిక్కని జబ్బు, మంత్రగత్తెలన్న నమ్మకం, ఇంటి లోపలి కథ ఉంటాయి. దానికి 2015లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆయన తర్వాతి కథల పుస్తకాన్ని 2017లో జార్ఖండ్ ప్రభుత్వం నిషేధించి, కొన్ని నెలలకే నిషేధం ఎత్తేసింది. మన ఇంటి చీకటి గురించి మనమే రాస్తే అటు బయటివాళ్లకూ ఇటు మనవాళ్లకూ కోపం వస్తుంది.

నాకూ రెండు వైపులనుంచీ మాటలు పడ్డాయి. మా జన్నోడు తాత "సొనుంలను ముప్పై రూపాయలకు అమ్ముతున్నావు రా" అన్నాడు. చదువుకున్న మిత్రుడొకడు "నువ్వు మేష్టారువి, మూఢనమ్మకాలు పెంచుతావా?" అన్నాడు. తాత మాటకు నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. పూజలో పలికే మాటలు అచ్చులో పెట్టను. ఒక కుటుంబం దుఃఖాన్ని వాళ్లనడగకుండా రాయను. మిత్రుడికి చెప్పేది ఒకటే. నమ్మకం వేరు, కథ వేరు. దెయ్యం ఉందా లేదా అని నా కథ తేల్చదు. భయపడినప్పుడు మనిషి ఎవరి మీద పడతాడో చూపిస్తుంది. అది తెలిసిన పిల్లాడు రేపు వేలు చూపించే ముందు ఒక్క క్షణం ఆగితే చాలు.

రాయాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు. పెద్ద పబ్లిషర్ కోసం ఎదురుచూడకండి. ఎడ్గార్ అలన్ పో అనే అమెరికా రచయిత మొదటి పుస్తకం 1827లో అచ్చయింది. సన్నటి కవితల పుస్తకం, సుమారు 50 కాపీలు, పైన ఆయన పేరు కూడా లేదు, 'బోస్టన్ వాసి' అని మాత్రం ఉంది. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. మనం 500 వేస్తున్నాం, పేరు కూడా వేసుకుంటున్నాం. రాసిందాన్ని ముందు గట్టిగా చదివి వినిపించండి. వింటున్నవాళ్లు మేకలు ఎటు పోయాయో చూడటం మొదలుపెట్టారంటే, అక్కడ కత్తిరించండి. ప్రూఫులు మరొకరి చేత చూపించండి. మన గెడ్డలు, మన పోడు, మన సంత దారులు రాయండి. పాడుబడ్డ బంగళాలు సినిమావాళ్లకు వదిలేయండి.

ఇప్పుడు ఐదో పుస్తకం పనిలో ఉన్నాను. ఈసారి ఎడమ పేజీలో సవర, కుడి పేజీలో తెలుగు. సవర మాటలను తెలుగు లిపిలో పెట్టడం కష్టంగానే ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో సవర భాష మీద వేసిన పుస్తకం ముందు పెట్టుకుని, మా గూడ పెద్దవాళ్లను అడిగి ఒక్కో మాటా సరిచూసుకుంటున్నాను. చనిపోయినవాళ్లు కిందిలోకంలో మరోసారి చనిపోయి సీతాకోకచిలుకలైపోతారని మన పెద్దలు చెప్తారు. అప్పుడిక వాళ్లకు మనం గుర్తుండం, వాళ్లు మాట్లాడరు. అక్కడితో భయమూ పోతుంది, తోడూ పోతుంది. ఆ లోపలే వాళ్లు చెప్పింది రాసుకోవాలి. మీ గూడలో ఇంకా మాట్లాడే పెద్దవాళ్లు ఉంటే ఈ సెలవుల్లోనే నోటు పుస్తకం పట్టుకుని వెళ్లండి.