లైవ్ బాగానే వస్తోంది

దొంగతనం జరిగిన ఇంటికి వెళ్ళి సీసీ కెమెరా సంగతి అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటుంది: "లైవ్ బాగానే వస్తోందండీ." వస్తోంది, కాదనను. హాల్లో టీవీ మీద నాలుగు గళ్ళు. ఒకదాన్లో గేటు, ఒకదాన్లో పోర్టికో, ఒకదాన్లో మేడమెట్లు, నాలుగోదాన్లో పెరట్లో ఆరేసిన చీర. మొన్న రాత్రి రెండింటికి ఏం జరిగిందో తీయమంటేనే ఏమీ ఉండదు. డిస్కు పోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. అది చప్పుడు చేయకుండా పోలేదు కూడా. రికార్డరు కుయ్యి కుయ్యిమని రోజల్లా అరిచింది. ఆ గోల పడలేక బిగించినవాడికి ఫోన్ చేస్తే, బజర్ ఎక్కడ ఆపాలో అతను ఫోన్లోనే చెప్పి పుణ్యం కట్టుకున్నాడు.

మా బంధువర్గంలో ఈ పెట్టెలకు నాడి చూసే పని నా మీద పడింది. కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడికి కెమెరాల సంగతి తెలియకుండా ఎలా ఉంటుందన్నది మావాళ్ళ తర్కం. ఇన్ని ఇళ్ళు చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం: మనం డబ్బిచ్చి కొనుక్కుంటున్నది చూపు, మనకు అక్కరకొచ్చేది జ్ఞాపకం. చూపు చవగ్గా వస్తుంది, బిగించిన రోజు నుంచే పనిచేస్తుంది, పనిచేయకపోతే వెంటనే తెలిసిపోతుంది. జ్ఞాపకానికి ఈ సుగుణాల్లో ఒక్కటీ లేదు.

ఇంటి కెమెరా మొదట చూపు కోసమే పుట్టింది. న్యూయార్క్‌లో క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. వేళాపాళా లేని ఉద్యోగాలు; రాత్రిపూట తలుపు కొట్టిందెవరో తలుపు తీయకుండా తెలియాలి. 1966లో ఇద్దరూ కలిసి పేటెంటుకు దరఖాస్తు చేశారు: తలుపుకు రకరకాల ఎత్తుల్లో కన్నాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, గదిలో ఒక తెర, బయటివాళ్ళతో మాట్లాడే మైకు, దూరం నుంచే గడియ తీసే మీట. 1969లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు ఎవరొచ్చారన్నది ఆవిడ ప్రశ్న. మొన్న ఎవరొచ్చారన్నది మనది. ఆ 'మొన్న' దగ్గరే లెక్కలు మొదలవుతాయి.

ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున బొమ్మ పంపుతోందనుకోండి. గంటకు 1.8 గిగాబైట్లు, రోజుకు 43. నాలుగు కెమెరాలకు రోజుకు 170 పైచిలుకు. ఒక టెరాబైట్ డిస్కు ఆరు రోజులు తిరక్కముందే నిండిపోయి, పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకోవడం మొదలుపెడుతుంది. అమ్మినాయన మాత్రం "నెల్రోజులుంటుంది సార్" అనే ఉంటాడు. నెల అన్న మాట బహుశా చట్టం నుంచి జారి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజాభద్రత చట్టం, జనం పెద్దసంఖ్యలో వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలంది. మన ఇంటికి ఆ నిర్బంధం లేదు. నిజంగా నెల కావాలంటే పై లెక్క ప్రకారం ఐదు టెరాబైట్లు దాటుతుంది. బొమ్మను కుదించే హెచ్.265 పద్ధతికి మారిస్తే ఇంచుమించు సగానికి తగ్గుతుంది. (మార్చగానే బ్రౌజర్లో నల్లతెర వస్తే కెమెరా పోయిందని కంగారు పడకండి, ఆ బ్రౌజర్‌కు హెచ్.265 చదవడం రాకపోవచ్చు, అదే ఫైలు వీఎల్‌సీలో తెరిచి చూడండి.) ఎన్నాళ్ళు దాచాలని నన్నడిగితే, ఇంటికి తాళం పెట్టి మీరు వెళ్ళే అతి పొడుగు ప్రయాణం ఎన్నాళ్ళో అంతకు రెండు రోజులు ఎక్కువ. కాశీ వెళ్ళి తొమ్మిది రాత్రులు నిద్ర చేసి వచ్చేవాళ్ళకు ఆరు రోజుల జ్ఞాపకం దేనికి?

ఓపిక ఉన్నవాళ్ళు రికార్డరు పెట్టె కొనకుండా అటకెక్కిన కంప్యూటర్‌నే ఆ పనికి పెడతారు. లినక్స్ అయితే జోన్‌మైండర్, ఫ్రిగేట్. విండోస్ అయితే బ్లూ ఐరిస్. కెమెరాలు నానా కంపెనీలవైనా ఇవి కలుపుకుపోగలగడానికి కారణం ఓన్‌విఫ్ అనే ఉమ్మడి ఒప్పందం. యాక్సిస్, బాష్, సోనీ కంపెనీలు 2008లో మొదలుపెట్టాయి. బొమ్మను తెచ్చుకునే భాష ఇంకా పాతది, ఆర్‌టీఎస్‌పీ, 1998 నాటిది. కెమెరా చిరునామాను ఆ భాషలో ఒక వరుసగా రాయాలి: యూజర్ పేరు, పాస్‌వర్డు, @ గుర్తు, కెమెరా ఐపీ నంబరు. మన ఇళ్ళల్లో పాస్‌వర్డులేమో సాయిరామ్@123 తరహావి. పాస్‌వర్డులోనే ఒక @ ఉండేసరికి చాలా సాఫ్ట్‌వేర్లు అక్కడికి పాస్‌వర్డు అయిపోయిందనుకుని, 123ను పట్టుకుని కెమెరాను వెతకబోతాయి. దొరకదు. తెర మీద వచ్చే ఫిర్యాదులో పాస్‌వర్డు ప్రసక్తే ఉండదు, కనెక్షన్ కుదరలేదని మాత్రం ఉంటుంది. మనిషి వైర్లు పీకి మళ్ళీ పెడతాడు, స్విచ్చి మారుస్తాడు, కెమెరాను తిట్టుకుంటాడు. ఆ @ బదులు %40 అని రాస్తే చాలు. సాయిరాముణ్ణి వదలాల్సిన పనిలేదు.

నిన్నటిదాకా బాగుండి ఇవాళ కనబడని కెమెరా అయితే ముందు కరెంటు పోయిందేమో అడుగుతాను. కరెంటు పోయి వచ్చాక రౌటర్ అందరికీ ఐపీ నంబర్లు మళ్ళీ పంచుతుంది. గేటు కెమెరా నంబరు ఎవరి ఫోనుకో పోతుంది. రికార్డరు పాత నంబరు దగ్గరే తలుపు తడుతూ కూర్చుంటుంది. రౌటర్లోకి వెళ్ళి ఈ కెమెరాకు ఎప్పటికీ ఇదే నంబరని రాసిపెట్టేస్తే ఆ గొడవ వదులుతుంది. ఇన్వర్టర్ కథ ఇంకోటి. ఫ్యాన్లూ లైట్లూ ఇన్వర్టర్ మీద ఉంటాయి, రౌటర్ ఉండదు. వైఫై కెమెరాలు పెట్టుకున్న ఇంట్లో కరెంటు పోవడమంటే కెమెరాలన్నీ ఒక్కసారి పోవడమే. ఫీజు పీకడం తెలిసిన దొంగకు అంతకంటే ఏం కావాలి?

రాత్రయితేనే ఆగిపోయే కెమెరా ఒకటుంటుంది. పగలంతా బుద్ధిగా పనిచేస్తుంది. ఇంట్లోవాళ్ళు ఎవరో కావాలని చేస్తున్నారనే దాకా వెళ్తారు. చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి. అడాప్టరు బలహీనమైనదైనా, రాగి తీగ అని చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం తీగ లాగినా, ఆ చివరికి వెళ్ళేసరికి వోల్టేజి పడిపోతుంది. కెమెరా ఆగి మళ్ళీ లేస్తుంది, మళ్ళీ దీపాలు, మళ్ళీ ఆగడం. సాఫ్ట్‌వేర్లో వెతికితే ఇది ఏడాదైనా దొరకదు. తీగ ముక్క కొద్దిగా గీకి చూస్తే లోపల తెల్లగా కనబడి తెలిసిపోతుంది.

ఆ దీపాలకే ఇంకో బాధ, సాలెపురుగు. పురుగుల వేటలో అది వచ్చి సరిగ్గా అద్దం ముందు గూడు అల్లుతుంది. ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో ఒక్క దారం తాడంత కనిపిస్తుంది, గాలికి ఊగిన ప్రతిసారీ 'కదలిక' అని ఫోను మోగుతుంది. మందులు చల్లి చూసినవాళ్ళున్నారు. నా మాట: కెమెరాలోని దీపాలు ఆపేయండి, దానికి కాస్త దూరంగా మామూలు బల్బు ఒకటి వెలిగించండి. పురుగులు బల్బు దగ్గరకు పోతాయి, బొమ్మ రంగుల్లో వస్తుంది, ఇంటికొచ్చే మనుషులకూ దారి కనిపిస్తుంది.

కదలికల గోల భరించలేకే ఫ్రిగేట్ లాంటివి వచ్చాయి. కదిలింది ఏమిటో చూసి, మనిషయితేనే చెబుతాయి. ఇక్కడ నాకు భలే నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఈ గుర్తుపట్టే విద్యకు చాలాచోట్ల పునాది కోకో అనే బొమ్మల సంగ్రహం, 2014లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులూ ఇతరులూ కలిసి తెచ్చింది. అందులో వస్తువులూ జంతువులూ కలిపి 80 రకాలు. జిరాఫీ ఉంది. చారల గుర్రం ఉంది. మంచు మీద జారే బల్ల ఉంది. కోతి లేదు, ఆటో లేదు. మన ఊళ్ళల్లో పట్టపగలు వంటింట్లోకి దూరి అరటిపళ్ళ గెల ఎత్తుకుపోయే అసలు దొంగ ఈ పట్టికలోనే లేడు. కోతి వచ్చినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ కుక్క అంటుంది, పిల్లి అంటుంది, ఒక్కోసారి మనిషే అంటుంది. చివరిదాన్ని మరీ తప్పు పట్టలేం.

వీటన్నిటికంటే ఎవరూ పట్టించుకోనిది గడియారం. కొన్ని కెమెరాలు ఫ్యాక్టరీ నుంచి చైనా టైముతో వస్తాయి, మనకంటే రెండున్నర గంటలు ముందు. ఇంకొన్ని, బ్యాటరీ లేక, కరెంటు పోయినప్పుడల్లా 1970 జనవరి 1కి వెళ్ళిపోతాయి. మీ పాలబ్బాయి ఇందిరాగాంధీ హయాంలో మీ గేటు తీస్తున్నట్టు రికార్డవుతుంది. ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసుకోమని ఎన్‌టీపీ సెట్టింగు పెట్టి, జోన్ భారతదేశమని ఎంచుకుంటే సరిపోయేదాన్ని, పోలీసులొచ్చిన రోజు దాకా ఎవరూ చూడరు. ఆ రోజు మాత్రం ఇల్లంతా చూస్తుంది. టీవీలో ఫుటేజీ ఆడిస్తూ దాన్ని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపేస్తారు, మధ్యలో ఎవరిదో దగ్గు కూడా వినిపిస్తుంది. చుట్టాలకు అది చాలు, కోర్టుకు చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం అడుగుతుంది, అందులో ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. ఫైల్లో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి రికార్డరు నుంచి అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయాలి, అదీ డిస్కు చుట్టు తిరిగి దానిమీద కొత్తది రాసేలోపు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళల్లో గొడవ వేరే. వాళ్ళకు అక్కణ్ణుంచి చూడాలి. రౌటర్లో పోర్టు తెరవమని అర్ధరాత్రి ఫోన్లు చేస్తారు. ఇక్కడి కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, వందల ఇళ్ళకు కలిపి ఒకటి ఇస్తారు; పోర్టు తెరిచినా వీధి తలుపు వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది. తెరుచుకోకపోవడమే మంచిదంటాను. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలనూ రికార్డర్లనూ లక్షల్లో లోబరుచుకుంది. అక్టోబర్ 21న వాటితో, వెబ్‌సైట్ల చిరునామాలు చెప్పే డైన్ అనే కంపెనీ మీద దాడి చేయిస్తే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. ఇప్పుడు మన కేంద్రం కూడా కెమెరాలకు భద్రత పరీక్షలు తప్పనిసరి చేసింది, 2025 ఏప్రిల్ నుంచి అమలు. పోర్టులు తెరవడం కంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకోవడం నయం.

హాల్లో పెట్టే కెమెరా మాత్రం నాకు గిట్టదు. డబ్బులిచ్చేది కొడుకే అయినా సరే, అమ్మానాన్నల్ని అడక్కుండా పెట్టకూడదు. "అమ్మా, ఇంకా మందులు వేసుకోలేదేం" అని గోడలోంచి మాట వస్తే ఉలిక్కిపడే వయసులో వాళ్ళుంటారు. ఒక మామయ్య రోజూ స్నానం చేసొచ్చి తువ్వాలు సరిగ్గా ఆ కెమెరా మీదే ఆరేస్తాడు. అక్కడ గాలి బాగా వస్తుందంటాడు.

మా పిన్ని కెమెరా పెట్టించుకున్నది దొంగల కోసం కాదు, పూల కోసం. తెల్లారేసరికి నందివర్ధనం చెట్టు బోడిగా ఉండేది. ప్లేబ్యాక్ తీసి చూపించాను. నాలుగూ యాభైకి ఒకాయన ప్లాస్టిక్ సంచీతో వచ్చి, గోడ మీంచి కొమ్మ వంచి, తీరిగ్గా కోసుకుని, కొమ్మను మళ్ళీ జాగ్రత్తగా వదిలి వెళ్ళాడు. వీధి చివర ఉండే రిటైర్డ్ మాష్టారు. పిన్ని ముఖం మాడిపోయింది. "ఇప్పుడిది చూసి నన్నేం చేయమంటావురా? మీ తమ్ముడికి లెక్కలు చెప్పింది ఆయనే కదా! ఎదురుపడితే నేనే తల దించుకోవాలి. ఆ చెట్టు కనపడకుండా చెయ్యి." కెమెరా తిప్పితే గేటు పోతుంది. అందుకని కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చెట్టు ఉన్నమేరకు మాస్క్ గీశాను. రికార్డర్లో కాదు, కెమెరాలోనే గీయాలి, అప్పుడే ఆ భాగం అసలు రికార్డు కాదు. ఆ వారమే టెక్సాస్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. గేటు పక్కన నల్లటి మచ్చ వస్తోందట, సెన్సార్ పోయినట్టుందట, వారంటీ ఉందేమో కనుక్కోమన్నాడు.