లెక్క రోజూ మారే జట్టు

పొద్దున ఐదున్నరకు ఫిలింనగర్ గుట్ట కింద మా మట్టి వాలీబాల్ కోర్టులో నెట్ కడుతూ నేను మొదట చూసేది ఎంతమంది వచ్చారనే. నా జట్టులో లైట్‌మెన్లు, డాన్సర్లు, ఫైటర్లు, ఒక కెమెరా అసిస్టెంటు ఉన్నారు. ఎవరికి కాల్షీటు పడుతుందో ముందురోజు రాత్రి దాకా తెలియదు. ఒకరోజు పన్నెండుమంది వస్తారు, మర్నాడు నలుగురే. అందుకే నా నోటుబుక్కులో రోజుకు మూడు ప్రాక్టీసులు రాసుకుంటాను. నలుగురికి ఒకటి, ఆరుగురికి ఒకటి, పన్నెండుమందికి ఒకటి.

మొదట్లో నాకు ఈ పద్ధతి తెలియదు. కాలేజీలో నాకు నేర్పినట్టే నేనూ నేర్పాను. అందరూ వరసలో నిలబడాలి, బూస్టర్ బంతి లేపితే ఒక్కొక్కరే వచ్చి స్మాష్ కొట్టాలి. కుర్రాళ్లకు అదంటే పండగ. ఒకరోజు పక్కన కూర్చుని లెక్కపెట్టాను. 10 నిమిషాల్లో ఒక్కొక్కరి చేతికి వచ్చినవి ఆరు బంతులు! మిగతాదంతా వరసలో నిలబడ్డమే. రాత్రంతా సెట్లో నిలబడి వచ్చినవాణ్ణి మళ్లీ ఇక్కడ నిలబెట్టడం అన్యాయం అనిపించింది. ఆరోజుతో వరసలు మానేశాను.

నలుగురే వస్తే కోర్టును నిలువునా సగం చేసి, నాలుగున్నర మీటర్ల వెడల్పులో ఇద్దరికి ఇద్దరిని ఆడిస్తాను. ఆ ఇరుకులో పక్కవాడు తీస్తాడులే అనుకోవడం కుదరదు. ఆరుగురొస్తే ఇంకా సంతోషం, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని అప్పుడు జరుగుతుంది. ముగ్గురు సర్వీస్ చేస్తారు, ముగ్గురు అండర్‌హ్యాండ్‌తో తీస్తారు, బూస్టర్ చోట నేను నిలబడతాను. నేను కదలకుండా బంతి నా చేతికొస్తే 3 మార్కులు. ఒకటి రెండు అడుగులు వేయాల్సివస్తే 2. పరిగెత్తిస్తే 1. సర్వీసే పాయింటైపోతే సున్నా. 20 సర్వీసులకు 40 మార్కులు వస్తేనే తీసేవాళ్లు సర్వీసుకు మారతారు. స్మాష్ మీద మోజు నాకు అర్థమవుతుంది. కానీ మొదటి పాస్ పాడైతే ఎంత గొప్ప షూటర్‌కైనా కొట్టడానికి బంతే ఉండదు.

పన్నెండుమంది వచ్చిన రోజు స్కోరు 22–22 దగ్గర మొదలుపెడతాను. సెట్టు 25కి కాబట్టి ప్రతి బంతికీ గుండె కొట్టుకుంటుంది. 2022లో గచ్చిబౌలిలో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్‌లో సెట్టు 15 పాయింట్లకే. రెండు పాసులు చెడితే సెట్టు ఎలా జారిపోతుందో టీవీలో చూపించి మరీ చెప్పాను. 2023లో హీరో విజయ్ దేవరకొండ ఆ లీగ్‌లోని హైదరాబాద్ బ్లాక్ హాక్స్ జట్టులో భాగస్వామి అయ్యాక మా లైట్‌మెన్లకు అది ఇంటి జట్టయిపోయింది. ఆ మ్యాచ్‌ల గురించి నేను చెప్పేది ఇప్పుడు శ్రద్ధగా వింటారు.

ఒక్క విషయం మాత్రం దెబ్బ తగిలాకే నేర్చుకున్నాను. అందరూ అలసిపోయిన చివరి 10 నిమిషాల్లో బ్లాకింగ్ పెట్టించానొకసారి. నెట్ కింద గీత దాటి వచ్చిన అవతలి కుర్రాడి పాదం మీద మా డాన్సర్ దిగాడు. చీలమండ బెణికింది. నెలరోజులు పాటల్లేవు, కూలీ లేదు. వాడి ముఖం చూడలేకపోయాను. అప్పటినుంచి ఎగిరే పనంతా ఒళ్లు వేడెక్కగానే, లెక్కపెట్టి చేయిస్తాను. ఎగరడం కన్నా ముందు దిగడం నేర్పుతాను, రెండు పాదాల మీద, మోకాళ్లు వంచి. రాగానే “నిన్నేం చేశావ్?” అని అడుగుతాను. ముందురోజు రోప్ కట్టుకుని దూకిన ఫైటర్‌కు ఇవాళ స్మాష్ ఉండదు, సర్వీస్, పాస్ మాత్రమే.

మొన్న నలుగురే వచ్చారు. ఒకడు నైట్ షూటింగ్ నుంచి నేరుగా వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మాస్టర్, ఇవాళ ఆట లేనట్టేనా?” అన్నాడు.

సంచిలోంచి తాడు తీసి కోర్టు మధ్యలో నిలువునా పరిచాను.