గొర్రెలు గీసిన నక్షా

గోల్ఫ్ మీద నాకు ఏనాడూ షౌక్ లేదు. స్పోర్ట్స్ డెస్క్‌లో ఉన్న రోజుల్లో బ్రిటిష్ ఓపెన్ వార్తలు తెలుగులో రాయాల్సి వచ్చి, సెయింట్ ఆండ్రూస్ గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆట సంగతి పక్కకుపోయి, అదొక జమీన్ దాస్తాన్‌లా పట్టుకుంది.

స్కాట్లండ్ సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఓల్డ్ కోర్స్‌కు మొదట నక్షా గీసినవాడంటూ ఎవరూ లేరు. నేల ఇసుక, దిబ్బలు పేర్చింది గాలి. చలిగాలికి తాళలేక గొర్రెలు పల్లాల్లో ఒదిగి ఒదిగి నేల అరగదీస్తే అవే బంకర్లయ్యాయంటారు. ఇవాళ అక్కడ 112 బంకర్లున్నాయి. ఒకదాని పేరు హెల్, అంటే సాఫ్‌గా జహన్నమే. బంతి అందులో పడ్డవాడి మొహం టీవీలో చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది.

మొదట్లో ఉన్నది ఒకే సన్నటి దారి. పోయేటప్పుడు ఆడిన గుంటలే వచ్చేటప్పుడూ ఆడేవారు, మొత్తం 22. మరీ చిన్నవిగా ఉన్న మొదటి నాలుగు హోల్స్‌ని 1764లో రెండుగా కలిపేశారు. రానూపోనూ కలిపి నాలుగు తగ్గి 18 మిగిలాయి. దునియా మొత్తం ఇవాళ 18 హోల్స్ ఆడుతోందంటే దాని వెనక ఇంతకుమించి ఫల్సఫా ఏమీ లేదు! తర్వాత ఆడేవాళ్ళు పెరిగారు. ఎదురెదురుగా వచ్చేవాళ్ళతో ఇబ్బంది మొదలైంది. దాంతో 19వ శతాబ్దంలో దారి వెడల్పు చేసి, ఒక్కో గ్రీన్ మీద రెండేసి గుంటలు పెట్టారు. అలాంటి జంట గ్రీన్లు ఏడు. ఏ జంట నంబర్లు కూడినా 18 వస్తుంది. రెండుకు పదహారు, మూడుకు పదిహేను. 1865 నుంచి మైదానం బాధ్యత చూసిన టామ్ మోరిస్ మొదటి గ్రీన్, చివరి గ్రీన్ కొత్తగా వేశాడు.

నన్ను ఎక్కువగా పట్టేసింది మాత్రం కాగజ్‌ల కథ. 1552లో అక్కడి ఆర్చ్‌బిషప్ ఒక పత్రం రాశాడు. ఆ నేలలో కుందేళ్ళు పెంచుకునే హక్ తనది. ఆడుకునే హక్, పశువులు మేపుకునే హక్ ఊరి జనానిది. 1797లో టౌన్ కౌన్సిల్ అప్పుల్లో మునిగి ఆ జమీన్ అమ్మేసింది. అది కుందేళ్ళ వ్యాపారుల చేతికి పోయి మైదానం బొరియలమయమైంది. ఊరివాళ్ళు ఊరుకోలేదు, అదాలత్‌కెక్కారు. ముకద్దమా లండన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా నడిచింది. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే పక్క ఎస్టేట్ జమీందార్ కొని ఆట నిలబెట్టాడు. 1894లో చట్టం చేసి ఊరికి అప్పజెప్పారు. 1974 నుంచి ఒక ట్రస్ట్ చూసుకుంటోంది.

వక్ఫ్ అనే మాట వాళ్ళకు తెలియదు గానీ ఇంతెజాం చూస్తే మనదే గుర్తొస్తుంది. పెద్ద టోర్నీలప్పుడు తప్ప ఆదివారం ఆట బంద్. ఆ రోజు జనం పిల్లలతో, కుక్కలతో ఆ గడ్డి మీదే షికారు చేస్తారు. మొదటి హోల్‌కీ చివరి హోల్‌కీ అడ్డంగా ఒక పబ్లిక్ రోడ్డు ఉంది. బీచ్‌కి పోయేవాళ్ళు దాటేదాకా చాంపియన్ అయినా ఆగాల్సిందే.

ఇదంతా మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా ఊరి ఈద్గాహ్ మైదాన్. ఏడాదికి రెండు నమాజులు, మిగతా రోజుల్లో మేకలు, క్రికెట్. తూర్పున రోడ్డు వైపు ఇప్పటికే నాలుగు దుకాణాలు లేచాయి. చుట్టూ గోడ కట్టి గేటుకు తాళం వేద్దామని కమిటీ అంటోంది.

"ఖాళీగా కనిపిస్తే కబ్జా చేస్తారు బేటా" అన్నారు కమిటీలో పెద్దాయన.

"పిల్లలు రోజూ ఆడుతుంటే ఖాళీగా ఎలా కనిపిస్తుంది చాచా?"

"బాల్ పోయి మింబర్‌కి తగిలితే?"

ఈ సవాల్‌కి నా దగ్గర జవాబు లేదు. కానీ తాళం పడ్డాక లోపల ఏం జరుగుతోందో చూసే కళ్ళు కూడా ఉండవన్నదే నా భయం. మైదాన్ తాలూకు పాత ముంతఖబ్ చాచా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. ఉర్దూలో ఉంది కాబట్టి కుర్రాళ్ళెవరికీ అందులో ఏముందో తెలియదు. జుమ్మా తర్వాత దాన్ని తెలుగులో అందరికీ చదివి వినిపిస్తానన్నాను. పెట్టె తెరవడానికి చాచా ఒప్పుకున్నారు. గోడ సంగతి ఇంకా తేలలేదు.