పెద్దబిడ్డ అలక

చాలా ఏళ్ళ కిందట మానుకోట దగ్గర పనిచేస్తుండగా ఒక తల్లి మూడేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చింది. “మానిన పోరడు మళ్ళ పక్క తడుపుతున్నడు సారూ” అంది. ఒడిలో ఇరవై రోజుల పసికందు. నేను నులిపురుగుల మందు రాసి పంపించాను.

మా రెండోవాడు పుట్టాక గాని నా తప్పు తెలియలేదు. కాన్పుకు నా భార్య భూపాలపల్లి పుట్టింటికి వెళ్ళింది. నాలుగేళ్ళ పెద్దపిల్లను జనగామలో మా అమ్మ దగ్గర మూడు నెలలు ఉంచాం. తరువాత తల్లి చేతులు చాపితే అది కదలలేదు. “నేను నాయనమ్మ బిడ్డను” అంది.

పక్క తడపడం, వేలు చీకడం, ముద్దుమాటలు మళ్ళీ మొదలైతే కొట్టకండి. అది పెంకితనం కాదు, భయం. మంట, జ్వరం, అతిదాహం, బరువు తగ్గడం ఉంటే మాత్రం వెంటనే వైద్యునికి చూపించండి.

బిడ్డ రాకను ముందే చెప్పండి. పెద్దవాళ్ళను దూరం పంపకండి. “ఇక నిన్నెవరు చూస్తరు?” అని చుట్టాలు వేళాకోళమాడితే ఆపండి. రోజూ కాసేపు తల్లి పెద్దబిడ్డకే కేటాయించాలి. తువ్వాలు అందించే పని చెప్పండి. పసికందుతో ఒంటరిగా మాత్రం వదలకండి.

తిండిమాట మరవకండి. 1935లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ లోకానికి చెప్పిన ‘క్వాషియోర్కర్’ అనే ఆఫ్రికా మాటకు, తమ్ముడో చెల్లెలో పుట్టాక పెద్దబిడ్డకు వచ్చే జబ్బని అర్థం. తల్లిపాలు మానిన బిడ్డకు పప్పు, గుడ్డు, పాలు తప్పక పెట్టండి.

మా అమ్మాయి తల్లి పక్కన పడుకోవడానికి నెల పట్టింది.